సన్నని గొంతు, పెద్ద హోరు: ‘అన్‌రావెల్’ పాట కట్టుబడి

రాక్ పాటకు బలం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే ఎక్కువ మంది శబ్దం వైపే చూపిస్తారు. గిటారు హోరు, డ్రమ్ముల మోత, గుండెల నిండా ఊపిరి పట్టి పాడే గాయకుడు. యానిమేల, అంటే జపాన్ యానిమేషన్ ధారావాహికల ఆరంభ గీతాల విషయంలో ఈ నమ్మకం మరీ గట్టిది. కథానాయకుడు పరుగెత్తుతుంటాడు, వెనక ఆకాశం ఎర్రబడుతుంది, పాట తారస్థాయికి చేరుతుంది. ఇలాంటివి వందల సంఖ్యలో ఉన్నాయి, వాటిలో మంచివీ చాలా ఉన్నాయి. ‘టోక్యో ఘౌల్’ ధారావాహిక కోసం 2014లో వచ్చిన ‘అన్‌రావెల్’ను కూడా చాలామంది ఆ వరుసలోనే పెట్టి, దాన్ని ‘పవర్‌ఫుల్’ పాట అంటుంటారు. మాట నిజమే, కానీ దాని బలానికి కారణం వేరే. ఈ పాటలో వాద్యాలు పెరిగేకొద్దీ గొంతు సన్నబడుతుంది. పాట పనితనమంతా ఆ ఒక్క ఎదురు నడకలోనే ఉందని నా అభిప్రాయం.

కథ కొంచెం తెలిస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. సుయి ఇషిదా రాసి, బొమ్మలు గీసిన మాంగా (జపాన్ బొమ్మల కథ) ‘టోక్యో ఘౌల్’ 2011 నుంచి ‘వీక్లీ యంగ్ జంప్’ పత్రికలో వచ్చింది. మనుషుల మధ్య మనుషుల్లాగే తిరుగుతూ, మనిషి మాంసం తప్ప మరేదీ జీర్ణించుకోలేని ఘౌల్ అనే జాతి ఒకటి ఆ కథలో ఉంటుంది. పుస్తకాల పురుగైన కెన్ కనెకి అనే కళాశాల విద్యార్థి ఒక ప్రమాదంలో చావు అంచులదాకా వెళ్తాడు. వైద్యుడు అతనికి రిజె అనే ఘౌల్ యువతి అవయవాలు అమరుస్తాడు. అక్కడి నుంచి అతను సగం మనిషి, సగం ఘౌల్. మెతుకు నోట్లో పెట్టుకుంటే వాంతి వస్తుంది, కాఫీ మాత్రమే లోపలికి దిగుతుంది. స్నేహితుడి పక్కన కూర్చున్నా ఆకలి వేస్తుంది. స్టూడియో పియెరో ఈ కథను షుహెయ్ మొరిటా దర్శకత్వంలో 12 భాగాల యానిమేగా తీసింది. 2014 జులైలో ప్రసారం మొదలైంది, పాట సీడీ అదే నెల 23న విడుదలైంది.

పాట రాసి, స్వరపరచి, వాద్య కల్పన చేసి, పాడినవాడు టీకే. అసలు పేరు టోరు కితాజిమా. 2002లో సైతామాలో మొదలైన ‘లింగ్ తోసితే షిగురే’ అనే ముగ్గురి బృందానికి గిటారిస్టు, గాయకుడు. బృందంలో బేస్ వాయించే 345 కూడా పాడుతుంది (ఆమె రంగస్థల నామమే ఆ అంకె). డ్రమ్ములు పియెర్ నకనోవి. ఇద్దరు గాయకుల గొంతులూ ఎంత పైస్థాయిలో ఉంటాయంటే, కొత్తగా వినేవాళ్లకు ఎవరు ఎక్కడ పాడుతున్నారో కొన్ని చోట్ల తెలియదు. తాళం ఉన్నట్టుండి మారిపోవడం, గిటారు సూదుల్లా గుచ్చుకునే చిన్న చిన్న స్వరాలతో నడవడం, పాట మధ్యలో మరో పాట మొదలైనట్టు అనిపించడం ఆ బృందం అలవాట్లు. 2012లో ‘సైకో-పాస్’ యానిమేకు వాళ్లు ఆరంభ గీతం చేశారు. ‘అన్‌రావెల్’ మాత్రం టీకే ఒంటరి ప్రయాణంలోని పాట. అందుకే ముగ్గురి బృందంలో సాధారణంగా వినిపించని వయొలిన్, పియానో ఇందులో చేరాయి.

టీవీ యానిమేల తొలి రోజుల పాటల పద్ధతి వేరు. 1963 జనవరి 1న ప్రసారం మొదలైన ‘టెత్సువాన్ అటోము’ (ఇంగ్లిషులో ‘ఆస్ట్రో బాయ్’) లాంటి వాటిలో ఆరంభ గీతం కథానాయకుడి పేరును, గుణగణాలను పిల్లలకు నేర్పేది. 1980ల నాటికి రికార్డు కంపెనీలు ఈ ఒకటిన్నర నిమిషం విలువను గుర్తించాయి. 1987లో ‘సిటీ హంటర్’ ముగింపులో వచ్చిన టీఎం నెట్‌వర్క్ వారి ‘గెట్ వైల్డ్’ ఆ మార్పుకు పెద్ద గుర్తు. కథతో పేరుకు సంబంధం లేకపోయినా భావంతో సంబంధం ఉన్న పాటను ఒక బృందం తన సొంత పాటగా చేస్తుంది, యానిమే దాన్ని వారం వారం ఇంటింటికీ మోస్తుంది. దీన్ని అక్కడ ‘టై-అప్’ అంటారు. 2000ల మొదట్లో ఏషియన్ కుంగ్-ఫూ జెనరేషన్ పాడిన ‘నరుటో’ పాటతో గిటారు రాక్ ఈ చోటును దాదాపు తన సొంతం చేసుకుంది. ఈ వ్యాపారాన్ని తిట్టేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం టై-అప్ లేకపోతే టీకే లాంటి మొండి సంగీతకారుడి పాట ఇంతమంది చెవుల దాకా చేరేది కాదనిపిస్తుంది.

89 సెకన్ల చట్రం

జపాన్ టీవీలో ఆరంభ గీతానికి కేటాయించే సమయం 90 సెకన్లు. ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం వదిలితే పాటకు మిగిలేది 89. ‘అన్‌రావెల్’ కాలప్రమాణం నిమిషానికి సుమారు 135 దెబ్బలు. లెక్క వేస్తే 89 సెకన్లలో 200 దెబ్బలు పడతాయి. నాలుగేసి దెబ్బల ఆవర్తం అనుకుంటే 50 ఆవర్తాలు. పాటంతా దాదాపు నాలుగు నిమిషాలున్నా వారం వారం టీవీ ముందు కూర్చునేవాళ్లకు వినిపించేది ఈ 50 ఆవర్తాలే. వీటిలోనే పరిచయం కావాలి, బిగువు పెరగాలి, పేలాలి, ముగియాలి.

మన సినిమా పాటకు పల్లవి ముందుంటుంది. వినేవాడికి అసలు సరుకు మొదటే అందుతుంది, చరణం తిరిగి తిరిగి ఆ పల్లవికే చేరుతుంది. జపాన్ పాటల వాడుక దీనికి తిరగేసి ఉంటుంది. మొదట ఏ-మెలో, తర్వాత బీ-మెలో, ఆ పైన సాబీ అంటారు. సాబీయే వాళ్ల పల్లవి, కానీ అది మూడో మెట్టు మీద ఉంటుంది. ఏ-మెలో నేల మీద నడుస్తుంది, బీ-మెలో ఊపిరి బిగబట్టిస్తుంది, సాబీలో ఆ ఊపిరి వదులుతాం. చాలా యానిమే పాటలు తొందరపడి సాబీని మొదటి వాక్యంలోనే పెట్టేస్తాయి. 89 సెకన్లే ఉన్నప్పుడు అది తెలివైన పనే, రిమోట్ చేతిలో ఉన్న ప్రేక్షకుణ్ని పట్టి ఆపుతుంది. టీకే అలా చేయలేదు. ఉన్న కొద్దిపాటి సమయంలోంచే ముందుగా ఒక నెమ్మది ముక్కకు ఇచ్చాడు, అదీ సాబీతో సంబంధం లేని ముక్కకు.

ఆ ముక్కలో ఒక గొంతు ‘చెప్పు, చెప్పు, ఇదంతా ఎలా పనిచేస్తుందో చెప్పు, నాలో ఉన్నది ఎవరు’ అని అడుగుతుంది. గొంతు చుట్టూ వాద్యాలు చాలా పలచగా ఉంటాయి. గాయకుడు మైకుకు ఎంత దగ్గరగా ఉన్నాడంటే మాటతో పాటు ఊపిరి కూడా వినిపిస్తుంది. సాంకేతికంగా ఇక్కడ ఒక చిన్న మాయ జరుగుతుంది. గుసగుస నిజానికి చాలా తక్కువ శబ్దం, పక్క గదిలోకి కూడా వినపడదు. రికార్డింగ్‌లో కంప్రెషన్ అనే పద్ధతితో తక్కువ శబ్దాలను పైకి లేపి, ఎక్కువ శబ్దాలను అణిచి, రెండింటి మధ్య దూరం తగ్గిస్తారు. అప్పుడు గుసగుస గుసగుసగానే ఉంటూ చెవి పక్కనే వినిపిస్తుంది. ఇదే కారణంగా ఆధునిక రాక్ రికార్డుల్లో అసలైన శబ్ద స్థాయి తేడా చాలా తక్కువ. వింటుంటే హోరు పదిరెట్లు పెద్దదిగా అనిపిస్తుంది గానీ కొలిచే పరికరం అంత తేడా చూపించదు. మరి పేలినట్టు అనిపించడం దేనివల్ల? ఒక్క గొంతు ఉన్న చోటికి ఒకేసారి బేస్ లోతు, డ్రమ్ము పళ్లేల గలగల, గిటార్ల వెడల్పు వచ్చి పడటం వల్ల. శబ్దం పెరగడం కన్నా చోటు నిండిపోవడం చెవికి పెద్ద దెబ్బ.

హోరులో సన్నబడే గొంతు

గిటారు సంగతి కొంచెం చెప్పాలి. కొన్ని స్వరాలు ఒకేసారి మోగితే దాన్ని కార్డ్ అంటారు. సగటు హార్డ్ రాక్‌లో గిటారిస్టులు ఎక్కువగా పవర్ కార్డ్ వాడతారు. అందులో ఉండేవి షడ్జమం, పంచమం, అంతే. గాంధారం ఉండదు. కారణం రుచి ఒక్కటే కాదు. డిస్టార్షన్ అంటే విద్యుత్ తరంగాన్ని అది పట్టే హద్దు దాటించి, దాని తల కత్తిరించడం. అలా కత్తిరిస్తే మూలంలో లేని అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు పైన మోగే సన్నని స్వరాలు, ఓవర్‌టోన్లు) బోలెడు పుడతాయి. స-ప జంటకు పుట్టేవి ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి, గాంధారం చేరితే ఒకదాన్నొకటి గీరుకుంటాయి. అందుకని హోరు ఎక్కువ కావాలంటే స్వరాలు తక్కువ ఉండాలి. టీకే తరహా దీనికి పూర్తిగా లొంగదు. కార్డును ఒక్క దెబ్బలో కొట్టి వదలకుండా తీగ తీగగా విడదీసి, చాలా వేగంగా, పలచటి పదునుతో వాయిస్తాడు. హోరు కూడా ఒక గోడలా ఉండదు, పగిలిన గాజు పెంకుల్లా ఉంటుంది. వయొలిన్ ఆ పెంకుల మీదుగా సాగే ఒకే ఒక నిడుపాటి గీత. రాక్ పాటలో వయొలిన్ పెడితే కన్నీళ్లు కారించడానికే అనుకుంటాం గానీ ఇక్కడ అది గిటారుతో పోటీపడి మరింత కంగారు పుట్టిస్తుంది.

ఇక గొంతు. మామూలుగా మాట్లాడేటప్పుడు, గట్టిగా పాడేటప్పుడు స్వరతంత్రులు మందంగా ఉండి, ప్రతి కంపనంలోనూ బాగా మూసుకుంటాయి. అందువల్ల ధ్వనిలో అనుస్వరాలు పుష్కలంగా ఉంటాయి, గొంతు ‘నిండుగా’ ఉందంటాం. పైస్థాయి అందుకోవడానికి గొంతు సన్నం చేసి పాడే ఫాల్సెటోలో తంత్రులు సాగి పలచబడి, అంచులు మాత్రమే కంపిస్తాయి. పూర్తిగా మూసుకోవు, కొంత గాలి జారిపోతుంది. ధ్వని పైకి చేరుతుంది గానీ అనుస్వరాలు తగ్గి, గొంతు డొల్లగా, గాజులా అవుతుంది. కర్ణాటక సంగీతంలో దీన్ని దొంగగొంతు అని చిన్నచూపు చూస్తారు. కచేరీ సంప్రదాయం దృష్టితో చూస్తే ఆ చిన్నచూపు న్యాయమే, అక్కడ నిండు గొంతుకే విలువ.

మరి ఇంత బలహీనమైన ధ్వని ఇంత హోరులో ఎలా వినిపిస్తుంది? ఒక కారణం ఎత్తు. మనిషి చెవి సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ దాకా ఉండే ధ్వనులను మిగతావాటికన్నా తేలిగ్గా పట్టుకుంటుంది. పైస్థాయిలో పాడే గొంతు బేస్, డ్రమ్ముల బరువు ఉండే కింది భాగాన్ని వాటికే వదిలేసి పైన ఒక గీతలా నిలబడుతుంది. రెండో కారణం టీకే గొంతు తరచూ ఫాల్సెటో, నిండు గొంతు మధ్య సరిహద్దు మీద నడవడం. అక్కడ గొంతు బిగుసుకుని, కొద్దిగా చిరిగి, ఆ చిరుగులోంచి కొన్ని అనుస్వరాలు తిరిగి వస్తాయి. ఏ క్షణంలో జారిపోతుందో అనిపిస్తుంది గానీ జారదు.

మామూలు యానిమే పాటలో సాబీ వచ్చేసరికి గాయకుడు వాద్యాల మీద స్వారీ చేస్తాడు. అతనే గెలుస్తున్నాడని మనకు తెలుస్తుంది. ‘అన్‌రావెల్’ సాబీలో గిటార్లు, డ్రమ్ములు, వయొలిన్ ఒకవైపు పెరుగుతుంటే గొంతు పైకి, ఇంకా సన్నగా, ఇంకా పలచగా పోతుంది. అదే సమయంలో మాటలు ‘ఊగిపోతున్న, వంకర తిరిగిన లోకంలో నేను మెల్లగా పారదర్శకమై కనపడకుండా పోతున్నాను’ అంటాయి. పాత్రకు జరుగుతున్నదే గొంతుకు కూడా జరుగుతోంది. లోపలి ఘౌల్ పెరుగుతుంటే మనిషి పలచబడుతున్నాడు. గుండె నిండా ఊపిరి పట్టి ఇదే వాక్యాన్ని పాడితే అది అబద్ధంలా వినిపిస్తుంది.

ఒకే ఏడు స్వరాలు, రెండు ఇళ్లు

స్వరాల కూర్పులో కూడా ఇలాంటిదే ఒకటి ఉంది. జపాన్ పాప్‌లో విరివిగా వినిపించే కార్డుల వరుసలు కొన్ని ఉన్నాయి. ‘ఓడో షింకో’ అని, అంటే రాచబాట అని పిలిచేదాన్ని మన స్వరాల్లో చెప్పాలంటే మధ్యమం, పంచమం, గాంధారం, ధైవతం మీద నిలిచే కార్డులు ఒకదాని తర్వాత ఒకటి రావడం. గమనిస్తే ఇందులో షడ్జమం మీది కార్డు లేదు. ఇల్లు ఎక్కడుందో తెలుస్తూనే ఉంటుంది గానీ గడప తొక్కరు. ఇంకొకటి ‘కొమురో షింకో’. పైన చెప్పిన ‘గెట్ వైల్డ్’ను స్వరపరచిన తెత్సుయా కొమురో పేరుమీద వచ్చింది. ధైవతం, మధ్యమం, పంచమం తిరిగి చివరికి షడ్జమం చేరుతుంది.

‘అన్‌రావెల్’ హార్మొనీ నా చెవికి ఈ కుటుంబంలోదిగానే వినిపిస్తుంది. మధ్యమం, పంచమం మెట్లెక్కి, ఇల్లు చేరతామనుకున్న చోట ధైవతం వైపు, అంటే విషాద ఛాయ ఉన్న మైనర్ వైపు తిరుగుతుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు గ్రహభేదం అంటే చాలు. శంకరాభరణం స్వరాలనే తీసుకుని ధైవతాన్ని షడ్జమంగా భావిస్తే నఠభైరవి వస్తుంది. పాశ్చాత్యుల మేజర్, దాని తోడి మైనర్‌ల సంబంధం అదే. స్వరాలు మారవు, ఇల్లు మారుతుంది. ఒకే దేహంలో ఇద్దరు ఉన్న కథకు ఇంతకన్నా సరిపోయే స్వరశాస్త్రం దొరకదు. టీకే ఇలా ఆలోచించి చేశాడని నేను అనడం లేదు. లక్షల పాటలకు ఇదే సరంజామా వాడారు, ప్రేమ పాటలతో సహా. ఇక్కడ అది కథకు ఒదిగింది.

మాటల నడక గురించి తెలుగువాడిగా నాకు ప్రత్యేకమైన ఆసక్తి. జపనీస్ ఛందస్సుకు లెక్క ‘మోరా’. మన మాత్రకు చాలా దగ్గర. హ్రస్వాక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు. మన ఛందస్సులో నిండు సున్నా ముందు అక్షరాన్ని గురువు చేసినట్టే, అక్కడ పదం చివరి ‘న్’ కూడా విడిగా ఒక మోరా. పైగా తెలుగులాగే మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. రాక్ లయను ఇంగ్లిషులో మోసేవి చాలావరకు హల్లుల దెబ్బలు. అచ్చులతో ముగిసే భాషలో ఆ దెబ్బ దొరకదు, అందుకు బదులు సమానమైన చిన్న చిన్న అడుగులు దొరుకుతాయి. తెలుగులో రాక్ పాట రాయబోయిన ఎవరికైనా ఈ ఇబ్బంది అనుభవమే. టీకే ఆ అడుగులనే ఆయుధం చేసుకున్నాడు. సాబీకి ముందు నాలుగు క్రియలు వరుసగా వస్తాయి. కొవాసెరు, కొవాసెనాయ్, కురుఎరు, కురుఎనాయ్. పగలగొట్టగలను, పగలగొట్టలేను, పిచ్చివాణ్ని కాగలను, కాలేను. నాలుగు మాత్రలు, ఐదు మాత్రలు, మళ్లీ నాలుగు, మళ్లీ ఐదు. ఆది అక్షరాలు ‘కొ, కొ, కు, కు’. ఔనూ కాదూ అంటూ తూగే మనసును మాటల పొడవులోనే వినిపించాడు. దీనికి ముందరి వాక్యం ‘ఫ్రీజ్’ అనే ఒంటరి ఇంగ్లిషు మాటతో ఆగుతుంది. అన్నీ అచ్చులతో జారుతున్న వరుసలో ఆ మాట ఒక అడ్డుకట్ట.

టీవీలో వినిపించని భాగంలో ఇంతకన్నా మంచి చోటు ఉంది. సాబీ తర్వాత ‘ఉగొకెనాయ్, హొదొకెనాయ్’ అనే రెండు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. కదలలేను, చిక్కు విప్పుకోలేను అని అర్థం. రెండూ ఐదేసి మాత్రలు, రెండింటి తోకా ‘ఒకెనాయ్’. మన అంత్యప్రాస నియమానికి ఏ లోటూ లేదు. కదలలేనంటున్న ఈ మాటలు పాటలో వాద్యాలు ఊపిరి తీసుకోకుండా పరుగెత్తే చోట వస్తాయి. పరుగెత్తే సంగీతంలో ఇరుక్కుపోయిన మనిషి. ‘నన్ను వెతకవద్దు, నన్ను చూడవద్దు’ అని, ఆ తర్వాత కొద్దిసేపటికే ‘నన్ను గుర్తుంచుకో’ అని అడగడం కూడా ఈ తరహాలోదే. రెండో కోరిక కూడా నిజమే, లేకపోతే మొదటిది అడగవలసిన అవసరమే లేదు. ఇంత ఆర్భాటం తర్వాత పాట ఏ జవాబూ చెప్పదు. మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది.

యానిమే దర్శకులు ఈ పాటను కథలోకి కూడా తెచ్చారు. మొదటి సీజన్ పన్నెండో భాగంలో చిత్రహింసల నడుమ కనెకి తెల్లని పూలచేనులో రిజెతో మాట్లాడతాడు, లోపలి ఘౌల్‌ను ఒప్పుకుంటాడు, జుట్టు తెల్లబడి లేచి నిలబడతాడు. అప్పుడు వినిపించేది ఇదే పాట. వారాల తరబడి కథకు ముందు విన్న ప్రశ్న ఆ రోజు కథ మధ్యలో వినిపిస్తుంది. 2015లో వచ్చిన ‘రూట్ ఏ’ సీజన్ చివరి భాగంలో హోరంతా తీసేసిన రూపం వాడారు. నా వాదనకు అది ఒక పరీక్ష. హోరు లేకుండా ఆ సన్నని గొంతు ఒక్కటే నిలబడుతుందా? నిలబడింది, కానీ దానికి ప్రేక్షకుడి జ్ఞాపకం తోడైంది. అక్కడ లేని గిటార్లను మనమే మనసులో నింపుకుంటాం. అసలు పాట విననివాళ్లకు ఆ రూపం చక్కని విషాద గీతంగానే మిగులుతుందేమో.

దీన్ని తిరిగి పాడినవాళ్లకు లెక్కలేదు. పియానో మీద వాయించినవి, ఇంగ్లిషులో పాడినవి, వాద్యబృందంతో చేసినవి ఎన్నో ఉన్నాయి. పియానోతో చేసిన వాటిలో స్వరాల కూర్పు బాగా బయటపడుతుంది. గిటారు హోరు కప్పిన కార్డులు విడివిడిగా వినిపిస్తాయి కాబట్టి, నేర్చుకునేవాళ్లు ముందు వాటిని వినడమే మేలు. పాడినవాటిలో చాలావరకు నన్ను నిరాశపరిచాయి. మంచి శిక్షణ ఉన్న గాయకులు సాబీని నిండు గొంతుతో, ఎక్కడా చిరగకుండా, హోరు మీద స్వారీ చేస్తూ పాడేస్తారు. వినడానికి గొప్పగా ఉంటుంది, కనెకి మాత్రం కనిపించడు. కరయోకేలో మగవాళ్లు సాధారణంగా చేసేది శ్రుతిని నాలుగైదు మెట్లు దించుకోవడం. దించితే సాబీ మామూలు గొంతుకు అందుతుంది, పాడటం సుఖంగా ఉంటుంది, స్వరాల మధ్య దూరాలూ చెక్కుచెదరవు. అయినా ఆ నాలుగు మెట్లతో పాటే గొంతు పలచబడటం కూడా పోతుంది. వేగమైన, బాగా కట్టిన రాక్ పాటల్లో ఇదీ ఒకటవుతుంది.